ఆమెను చదువుకోనివ్వండి



బొమ్మల గురించి రేడియోలో మాట్లాడటం కొంచెం సాహసమే. చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు, చూడటానికి మీ దగ్గరా ఏమీ ఉండదు. మాటలే దిక్కు. అయినా ఇవాళ్టి విషయానికి రేడియో మరీ అంత తగని చోటేమీ కాదు. పుస్తకం చదువుకుంటున్న స్త్రీ బొమ్మను చూస్తే మనకేం కనిపిస్తుంది? ఆమె వేసుకున్న గౌను, కూర్చున్న కుర్చీ, కిటికీలోంచి పడుతున్న వెలుతురు. పేజీ మీద ఏముందో కనిపించదు. అది చదువుతున్న మనసులో ఏం జరుగుతోందో అసలే కనిపించదు. ఎంత చేయి తిరిగిన చిత్రకారుడైనా అక్కడికి వచ్చి ఆగిపోవాల్సిందే. బొమ్మ ఎదురుగా ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ ఆ ఒక్క విషయంలో సమానమే.

అలా ఆగిపోయిన చోట ఏ చిత్రకారుడు ఎలా నడుచుకున్నాడన్నది నాకు ఆసక్తి. కొందరికి అనుమానం వచ్చింది. కొందరు ఆమె చదువుకు అడ్డం వెళ్లారు. ఒకాయన ఏకంగా నిద్రపుచ్చేశాడు. మరికొందరు ఆమె మానాన ఆమెను చదువుకోనిచ్చారు. ముఖ్యంగా ఆ చివరివాళ్ల గురించి చెప్పాలని వచ్చాను.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ 1650ల చివర్లో ఒక బొమ్మ వేశాడు. తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఒక అమ్మాయి ఉత్తరం చదువుకుంటోంది. ఇప్పుడది జర్మనీలో, డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. చాలా కాలం ఆమె వెనక ఉన్నది ఖాళీ గోడ. ఆ ఖాళీని చూసి ఒంటరితనం అన్నారు, మౌనం అన్నారు, ఇంకా ఏమేమో అన్నారు. 1979లో ఎక్స్‌రే తీస్తే ఆ గోడ మీద మన్మథుడి పటం ఒకటి దాగి ఉందని తేలింది. వెర్మీరే ముందు వేసి, వద్దనుకుని చెరిపేసి ఉంటాడనుకున్నారు. తర్వాతి పరిశోధనలో ఆ పైరంగు పూసింది వేరెవరో అనీ, అది కూడా వెర్మీర్ పోయిన చాలా ఏళ్లకనీ బయటపడింది. ఆ పొరను ఓపిగ్గా తొలగించి 2021లో మన్మథుణ్ణి జనం ముందు పెట్టారు. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ప్రేమలేఖని గోడే చెప్పేస్తోంది. చిత్రకారుడు వేసింది వేసినట్టు చూపించడమే న్యాయం, కాదనను. నాకు మాత్రం ఆ ఉత్తరంలో ఏముందో తెలియని రోజుల బొమ్మే ఇష్టం.

ఫ్రాన్సులో ఫ్రాగొనార్ 1769 ప్రాంతంలో వేసిన బొమ్మకూ ఇలాంటి ఎక్స్‌రే కథ ఉంది. పసుపుపచ్చ గౌను వేసుకుని, వెనక పెద్ద దిండు ఆనుకుని, చిన్న పుస్తకాన్ని ఒంటిచేత్తో పట్టుకుని చదువుకుంటున్న అమ్మాయి. మనం పక్కనుంచి చూస్తుంటాం. ఆమె మన వంక చూడదు. ఎక్స్‌రేలో అడుగున వేరే తల కనిపించింది. ఆ తల మన వైపు తిరిగి ఉంది. అంటే ఫ్రాగొనార్ ముందు మన వైపు చూస్తున్న మనిషిని వేసి, తర్వాత మనసు మార్చుకుని ఆ చూపును పుస్తకంలోకి దించాడు. బొమ్మ బతికింది అక్కడే అని నా నమ్మకం.

19వ శతాబ్దం వచ్చేసరికి అచ్చు చవకైంది. నవలలు ఇంటింటికీ చేరాయి. చదివేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో పాటే భయమూ మొదలైంది. ఆంట్వాన్ వీర్ట్స్ అని బెల్జియం చిత్రకారుడు. ఆయన 1853లో నవలలు చదివే స్త్రీ అంటూ ఒక బొమ్మ వేశాడు. పరుపు మీద ఒంటిమీద నూలుపోగు లేకుండా వెల్లకిలా పడుకుని ఒకామె నవల చదువుతోంది. పక్కనే అద్దం. మంచం చాటునుంచి కొమ్ములున్న ఒక ఆకారం చెయ్యి చాచి ఇంకో పుస్తకాన్ని మెల్లగా ఆమె వైపు జరుపుతోంది. నవలలు చదివితే ఆడవాళ్లు చెడిపోతారని హెచ్చరిక అన్నమాట. హెచ్చరిక పేరు చెప్పి ఆయన తీరిగ్గా ఏం చిత్రించుకున్నాడో బొమ్మ చూస్తే తెలుస్తుంది. చదవడం మీద ఆయనకు ఆసక్తి ఏ కోశానా లేదు.

చూసి నవ్వుకోనక్కర్లేదు. మన వారపత్రికల్లో సీరియల్స్ వెలిగిపోతున్న రోజుల్లో, భార్య సీరియల్లో మునిగిపోయి ఉంటే పొయ్యి మీద కూర మాడిపోయే కార్టూన్లు మనవాళ్లూ వేశారు, మనమూ నవ్వాం. అదే మొగుడు పేపరు చదువుతుండగా పాలు పొంగిపోతే, ఆ కార్టూన్లోనూ తప్పు భార్యదే. కొమ్ములవాడు కనిపించడు గానీ అనుమానం అదే.

ఇక పారిస్‌కు వద్దాం. 1873లో ఎదువార్ మానే 'రైల్వే' అనే బొమ్మ వేశాడు. పేరు రైల్వేయే గానీ రైలు కనిపించదు. స్టేషన్ పక్కన ఇనుప ఊచల కంచె, దాని అవతల తెల్లటి ఆవిరి. కంచెకు ఇవతల ముదురు నీలం దుస్తుల్లో ఒక యువతి కూర్చుని ఉంది. ఒడిలో కుక్కపిల్ల నిద్రపోతోంది. చేతిలో తెరిచిన పుస్తకం. పక్కన ఒక చిన్నపిల్ల మనకు వీపు పెట్టి, ఊచ పట్టుకుని ఆవిరి కేసి చూస్తోంది. ఈ యువతి మాత్రం పుస్తకంలోంచి తలెత్తి సూటిగా మన మొహంలోకి చూస్తోంది. సిగ్గు లేదు, నవ్వు లేదు, కోపం కూడా లేదు. ఏం కావాలి మీకు, అన్నట్టు. పుస్తకం మూయలేదు. మనం కదిలితే మళ్లీ చదువుకుంటుంది.

1874లో ఆ బొమ్మను సలోన్‌లో, అంటే ప్రభుత్వం ఆధ్వర్యంలో ఏటా జరిగే పెద్ద ప్రదర్శనలో పెడితే జనం, విమర్శకులు కూడా నవ్విపోయారు. చదువుకునే స్త్రీని దొంగచాటుగా చూసే అలవాటున్న కళ్లకు, ఆమె తిరిగి చూసేసరికి ఇబ్బంది కలిగి ఉండొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ బొమ్మకు కూర్చున్న ఆవిడ పేరు విక్టోరిన్ మ్యూరాన్. మానే మోడల్‌గానే లోకానికి తెలుసు గానీ, ఆమె స్వయంగా చిత్రకారిణి. 1876లో సలోన్‌వాళ్లు ఆమె బొమ్మను తీసుకున్నారు. ఆ ఏడాది మానే పంపిన బొమ్మలను తిప్పికొట్టారు.

మానేకి చదువుకునే స్త్రీతో ఇంకో తగాదా ఉంది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బెర్త్ మోరిసో, ఆమె అక్క ఎడ్మా, ఇద్దరూ చిత్రకళ నేర్చుకున్నారు. ఇద్దరూ కోరో అనే పెద్దాయన దగ్గర శిష్యరికం చేశారు. 1869లో ఎడ్మాకు ఒక నౌకాదళ అధికారితో పెళ్లయింది. అంతటితో ఆమె కుంచె పక్కన పెట్టింది. ఆ చలికాలం తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అప్పుడు బెర్త్ అమ్మనీ అక్కనీ కూర్చోబెట్టి ఒక బొమ్మ మొదలుపెట్టింది. నల్లటి దుస్తుల్లో అమ్మ పుస్తకం పట్టుకుని చదువుతోంది. వెనక సోఫాలో తెల్లటి గౌనులో ఎడ్మా, చూపు కిందికి దించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వింటోందో, వినడం లేదో తెలియదు.

సలోన్‌కు పంపే గడువు దగ్గర పడింది. బొమ్మ మీద బెర్త్‌కు ధీమా లేదు. మానేని అడిగింది. ఆయన ఇంటికి వచ్చాడు. బాగుంది, ఒక్క గౌను అంచు సరిచేస్తే చాలన్నాడు. కుంచె అందుకున్నాడు. అంచు దగ్గర మొదలుపెట్టి గౌనంతా, గౌను నుంచి ఛాతీ, ఛాతీ నుంచి తల, తల నుంచి వెనక గోడ దాకా వెళ్లిపోయాడు. జోకులు వేస్తూ, నవ్వుతూ, రంగులపలక ఆమెకిస్తూ, మళ్లీ లాక్కుంటూ. సాయంత్రానికి అమ్మ బొమ్మ మానే బొమ్మ అయిపోయింది. బయట బండివాడు తొందర పెడుతున్నాడు. బొమ్మ బండెక్కి వెళ్లిపోయింది. అమ్మకు ఈ వ్యవహారమంతా తమాషాగా అనిపించిందట. బెర్త్ మాత్రం కుమిలిపోయింది. సలోన్‌వాళ్లు దీన్ని తిప్పికొడితేనే బాగుణ్ణని అక్కకు ఉత్తరం రాసుకుంది. వాళ్లు తిప్పికొట్టలేదు. 1870 ప్రదర్శనలో పెట్టారు.

ఈ కథ తెలిసి బొమ్మ చూస్తే రెండు చేతులు విడివిడిగా కనిపిస్తాయి. ముందున్న నల్లటి గౌను, అమ్మ మొహం, ఇవి పెద్ద పెద్ద కుంచె దెబ్బలు. వెనక ఎడ్మా తెల్లటి గౌను, ఆ సోఫా, గోడ మీది అద్దం, ఇవి నాజూకైన పని. పెద్ద పేరున్న మగవాడు ఒక చిన్నదాని పనిని చనువుగా చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో అక్కడ రంగుల్లోనే ఉంది. మానే చెడ్డవాడు కాదు, ఆమె అంటే అతనికి గౌరవం కూడా. నాలుగేళ్లకు బెర్త్ అతని తమ్ముణ్ణే పెళ్లి చేసుకుంది. కానీ ఆ రోజు అతనికి ఎదుటి కాన్వాసు ఇంకొకరిదన్న ధ్యాస లేదు.

దాని తర్వాత బెర్త్ మళ్లీ ఎడ్మానే కూర్చోబెట్టింది. 1873. ఈసారి ఆరుబయట, గడ్డి మీద. పక్కన తెరిచి పెట్టిన ఆకుపచ్చ గొడుగు. ఈసారి చదువుతున్నది అమ్మ కాదు, ఎడ్మాయే. తల వంచుకుని పుస్తకంలో మునిగిపోయింది. మరుసటి ఏడాది ఇంప్రెషనిస్టు చిత్రకారుల తొలి ప్రదర్శన జరిగినప్పుడు బెర్త్ ఈ బొమ్మను అక్కడ పెట్టింది. మానే ఆ ప్రదర్శనలో చేరలేదు. దీని మీద ఆయన చెయ్యి పడలేదు. ఇప్పుడది అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది.

ఇక మేరీ కసాట్. నన్నడిగితే ఈ విషయంలో అందరికంటే పైన నిలబెట్టవలసింది ఈమెనే. 1844లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. 1866లో బొమ్మలు నేర్చుకోవడానికి పారిస్ వెళ్లింది. అక్కడి ప్రభుత్వ కళాశాల ఆడవాళ్లకు తలుపులు తెరిచింది 1897లో. కాబట్టి మాస్టర్లను వెతుక్కుని ప్రైవేటుగా నేర్చుకోవాల్సి వచ్చింది. లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని పాత బొమ్మలకు నకళ్లు వేసింది. 1877లో అమ్మానాన్నలు, అక్క లిడియా ఆమె దగ్గరికే వచ్చి పారిస్‌లో ఉండిపోయారు. ఇక ఇంట్లోనే మోడళ్లు.

1878లో వాళ్ల అమ్మ కేథరిన్ బొమ్మ వేసింది. అరవై దాటిన మనిషి. తెల్లటి ఉదయపు గౌను. పూల గుడ్డ వేసిన వాలుకుర్చీ. ముక్కు మీద కళ్లజోడు. చేతుల్లో విప్పిన 'ఫిగారో' దినపత్రిక. పక్కన అద్దం, ఆ అద్దంలో పత్రిక పట్టుకున్న చేయి మళ్లీ కనిపిస్తుంది. తెలుపులోనే ఎన్ని తెలుపులు! గౌను తెలుపు వేరు, పత్రిక తెలుపు వేరు, అద్దంలోని తెలుపు వేరు. పత్రిక పేరు మనకు తలకిందులుగా కనిపిస్తుంది. ఆ వార్తలు ఆమెకు, మనకు కాదు.

ఇందులో ఏముంది, ఒక పెద్దావిడ పేపరు చదువుకుంటోంది, అంతేగా అనొచ్చు. అప్పటిదాకా వచ్చిన బొమ్మల్లో ఆడవాళ్ల చేతిలో ఏం ఉంటుందో గుర్తు చేసుకోండి. ప్రేమలేఖ, నవల, ప్రార్థన పుస్తకం. మనసో, వయసో, భక్తో. దినపత్రిక మగవాడిది. ప్రభుత్వాలు, పార్లమెంటు, షేర్ల ధరలు, విదేశాల తగాదాలు అందులో ఉంటాయి. ఈవిడ ఆ లోకం గురించి చదువుతోంది. ఎవరైనా చూస్తున్నారేమో అన్న ధ్యాస లేదు. అందంగా కనపడాలన్న ఆరాటం లేదు. నోటి దగ్గర ఒక చిన్న బిగింపు ఉంది చూడండి, రాసినవాడితో ఆమెకు పేచీ ఉన్నట్టుంది. ఇలా చదువుతున్న మనిషిని పలకరించడానికి ఇంట్లోవాళ్లే కాస్త జంకుతారు. ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1944లో. ఈ బొమ్మ వేసి అప్పటికి 66 ఏళ్లు. కసాట్ స్వదేశంలో 1920లో వచ్చింది. దానికి ముందు 1915లో న్యూయార్క్‌లో ఓటు హక్కు ఉద్యమం కోసం ఆమె స్నేహితురాలు ఒక చిత్రప్రదర్శన ఏర్పాటు చేస్తే కసాట్ బొమ్మలు అందులో ఉన్నాయి.

1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ కూడా ఆ సందర్భంలోనే. అక్కడ స్త్రీల కోసం ప్రత్యేకంగా కట్టిన భవనంలో 'ఆధునిక స్త్రీ' అనే పేరుతో సుమారు 58 అడుగుల పొడవున ఒక గోడచిత్రం వేయమని కసాట్‌ను అడిగారు. నడుమ భాగంలో ఆమె ఒక పళ్లతోట వేసింది. ఆడవాళ్లు జ్ఞానవృక్షం పళ్లు కోసి చిన్నపిల్లల చేతికి అందిస్తున్నారు. బైబిల్లో ఆ పండు కోసినందుకే కదా ఈవ్‌కు శిక్ష పడింది! ఈ తోటలో శిక్షించేవాడే లేడు. ప్రదర్శన అయిపోయాక ఆ గోడచిత్రం ఏమైపోయిందో ఆచూకీ లేదు. ఫొటోలే మిగిలాయి.

అదే చికాగో ప్రదర్శనకు మన రవివర్మ పది బొమ్మలు పంపాడు. బహుమతులూ వచ్చాయి. మన ఇళ్లలో గోడల మీద ఆయన అచ్చుబొమ్మలే కదా చాలాకాలం ఉన్నది. ఆయన సరస్వతి చేతిలో తాళపత్ర గ్రంథం ఉంటుంది, చూపు మాత్రం అందులో ఉండదు. చదువుల తల్లికి వీణ వాయించే తీరిక ఉంది గానీ పుస్తకం విప్పే తీరిక మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆయన పేరు మోగిపోయింది 1876లో వేసిన శకుంతల బొమ్మతో. గడ్డిలో బోర్లా పడుకుని దుష్యంతుడికి ఆకు మీద ప్రేమలేఖ రాస్తున్న శకుంతల. అప్పటి మద్రాసు గవర్నరు దాన్ని కొనుక్కున్నాడు.

ఆ 1876లోనే బెంగాల్లో రాససుందరీ దేవి అనే ఆవిడ ఆత్మకథ అచ్చయింది. ఆడది అక్షరం ముట్టుకోకూడదన్న ఇల్లు. ఆమె చైతన్య భాగవతం నుంచి ఒక ఆకు తీసి దాచుకుంది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి దాచుకుంది. వంటింట్లో, ముసుగు చాటున, ఈ ఆకులోని అక్షరాన్నీ ఆ తాటాకులోని అక్షరాన్నీ పోల్చుకుంటూ, ఎవరైనా వస్తే దాచేస్తూ, తనంతట తనే చదవడం నేర్చుకుంది. మన దేశపు తొలి ఆత్మకథల్లో అదొకటి. శకుంతల ఆకును లక్షల ఇళ్లలో చూశాం. పొయ్యి ముందు కూర్చున్న రాససుందరి చేతిలోని ఆకును వేయాలని ఆ రోజుల్లో ఏ చిత్రకారుడికీ తోచలేదు.

మళ్లీ ఫ్రాన్సుకు. వాన్ గోహ్ 1888లో ఆర్ల్ ఊళ్లో నవల చదివే స్త్రీ బొమ్మ వేశాడు. చెల్లెలికి రాసిన ఉత్తరంలో రంగులన్నీ లెక్కపెట్టి చెప్పాడు: నల్లటి ఒత్తయిన జుట్టు, ఆకుపచ్చ రవిక, దాని చేతులు ద్రాక్షసారా రంగు, వెనకంతా పసుపు, చేతిలో పసుపుపచ్చ అట్ట పుస్తకం. అప్పట్లో ఫ్రెంచి నవలలు చవగ్గా పసుపు అట్టలతోనే వచ్చేవి. ఆమె మొహంలో ఏదో కలవరం ఉంది. స్వయంగా నవలలు మింగినవాడు వేసిన బొమ్మ అది, అందుకే ఆమె మీద జాలి పడకుండా ఆమెతో పాటు కలవరపడ్డాడు.

మాటీస్ కుర్రతనంలో, 1895లో, మనకు పూర్తిగా వీపు పెట్టి చదువుకుంటున్న స్త్రీని వేశాడు. పెద్దమనిషి తరహా. పికాసో 1932లో తన ప్రియురాలు మరీ తెరెజ్‌ను ఒళ్లో పుస్తకంతో వేశాడు గానీ ఆమె నిద్రపోతోంది. ఇందాక నిద్రపుచ్చాడన్నది ఈయన్నే. ఆ బొమ్మ 2011లో లండన్ వేలంలో రెండున్నర కోట్ల పౌండ్లు దాటి పలికింది. రంగుల సంగతి, గీతల సంగతి పికాసోకు నేను చెప్పేదేముంది! కానీ చదివే మనిషి ఆయనకు ఎందుకో కుదరలేదు, ఆ బొమ్మలో పుస్తకం ఒక వస్తువు, అంతే.

గ్వెన్ జాన్ పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. 1876లో వేల్స్‌లో పుట్టింది. తమ్ముడు అగస్టస్ జాన్ అప్పట్లో ఇంగ్లండ్ అంతా మోగిన చిత్రకారుడు. ఈమె 1904లో పారిస్ చేరి, పొట్ట గడవడానికి మోడల్‌గా పనిచేస్తూ, శిల్పి రోడిన్‌కు కూడా మోడల్‌గా నిలబడుతూ, చిన్న గదిలో ఒంటరిగా బతికింది. ఆ గదినే మళ్లీ మళ్లీ వేసింది. పేము కుర్చీ, చిన్న బల్ల, కిటికీ.

లండన్ టేట్ మ్యూజియంలో 'చదువుకుంటున్న స్త్రీ' అనే ఆమె బొమ్మ ఉంది. 1910 ప్రాంతంలో వేసింది. గదిలో నిలబడి పుస్తకం చదువుకుంటోంది ఒకామె. నిలబడి చదవడం గమనించారా? కూర్చోవడానికి కుర్చీ పక్కనే ఉంది. ఏదో పని మధ్యలో పుస్తకం తెరిచి, ఒక్క పేజీ చూద్దామనుకుని అలాగే ఉండిపోయిన మనిషి. ఇంటి పనుల మధ్య చదువుకునే ఆడవాళ్లు చదివేది ఇలాగే. ఆ బొమ్మలో మొహం మాత్రం డ్యూరర్ అనే పాత జర్మన్ చిత్రకారుడు వేసిన మేరీమాత మొహంలా దిద్దింది. తన మొహం అక్కడ ఉండటం ఇష్టం లేక అలా చేశానని స్నేహితురాలికి రాసింది. తర్వాత అది తెలివితక్కువ పని అనిపించింది. 1911లో దాదాపు అదే బొమ్మ మళ్లీ వేసింది. కిటికీ పక్కన నిలబడి చదువుకుంటున్న స్త్రీ. ఈసారి తన పోలికలే. దాన్ని జాన్ క్విన్ అనే అమెరికన్ లాయరు కొన్నాడు. ఆ మనిషి తర్వాత పదేళ్లకు పైగా ఆమె బొమ్మలు కొంటూ వచ్చాడు కాబట్టే ఆమెకు పూట గడిచింది. ఇప్పుడది న్యూయార్క్‌లో ఉంది. టేట్ బొమ్మలో చదువుతున్నది ఒక దేవత, ఇందులో అద్దె గదిలో ఉండే మనిషి. ఈ రెండోదే గొప్ప బొమ్మ.

ఆమెదే ఇంకో బొమ్మ పేరు 'అమూల్యమైన పుస్తకం'. అందులో ఆ అమ్మాయి పుస్తకాన్ని వట్టి చేత్తో ముట్టుకోదు. చేతిరుమాలు మధ్యలో పెట్టి పట్టుకుంటుంది. పారాయణ గ్రంథాన్ని పట్టుగుడ్డలో చుట్టి దాచుకునే ఇళ్లలో పుట్టిన మనకు ఆ రుమాలు గురించి ఎవరూ వివరించక్కర్లేదు.

చివరిగా అమెరికాకు వెళ్దాం. ఎడ్వర్డ్ హాపర్, 1931, 'హోటల్ గది'. అయిదడుగుల ఎత్తున్న కాన్వాసు. రాత్రి. మంచం అంచున లోదుస్తుల్లో ఒక స్త్రీ తల వంచుకుని కూర్చుంది. సామాను ఇంకా విప్పలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టింది, బూట్లు నేల మీద ఉన్నాయి. చేతిలో ఒక కాగితం. మొహం నీడలో ఉంది. చూసిన ఎవరికైనా మొదట తోచేది ఏమిటి? ఏదో దుర్వార్త. ఎవరో వదిలేసి ఉంటారు. వీడ్కోలు ఉత్తరమై ఉంటుంది.

హాపర్ భార్య జో ఆయన ప్రతి బొమ్మ వివరాలూ పద్దు పుస్తకంలో రాసి పెట్టేది. ఈ బొమ్మకు మోడల్‌గా కూర్చున్నదీ ఆవిడే. ఆమె చేతిలో ఉన్నదేమిటో అందులో రాసింది: రైళ్ల టైం టేబుల్.

నాకు ఇది భలే నచ్చింది. మనం ఊహించుకున్న కన్నీళ్లన్నీ ఒక్క మాటతో ఆవిరైపోయాయి. ఆమె పొద్దున్నే ఏ బండి ఉందో చూసుకుంటోంది. వెర్మీర్ కాలం నుంచి ఆడమనిషి చేతిలో కాగితం ఉంటే ప్రేమ సంగతే అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఒంటరిగా ప్రయాణం చేసే స్త్రీకి బండి వేళలు కూడా కావాలి. హాపర్ రైలు పెట్టెల్లో కూడా చదువుకునే ఆడవాళ్లను వేశాడు. 1938 నాటి బొమ్మలో ఆకుపచ్చటి పెట్టె, కిటికీ బయట సంధ్య వెలుగు, వంతెన. టోపీ పెట్టుకున్న ఒక స్త్రీ ఆ సంధ్యను పట్టించుకోకుండా చదువుకుంటూ ఉంటుంది. చిత్రకారుడు అంత శ్రద్ధగా వేసిన సూర్యాస్తమయాన్ని ఆమె చూడనేలేదు, పాపం.

ఆ జో గురించి కూడా ఒక మాట. ఆమె కూడా చిత్రకారిణి. 1923లో బ్రూక్లిన్ మ్యూజియం ఆమె బొమ్మలు అడిగితే, హాపర్ బొమ్మలు కూడా చూడండని సిఫారసు చేసింది. మ్యూజియంవాళ్లు చూశారు, హాపర్ బొమ్మనే వంద డాలర్లకు కొన్నారు. మరుసటి ఏడాది వాళ్లిద్దరికీ పెళ్లయింది. అక్కడి నుంచి ఆయన బొమ్మల్లో దాదాపు ప్రతి స్త్రీకీ ఆమే మోడల్. చదివింది, నిలబడింది, కూర్చుంది, పద్దులు రాసింది. ఆమె సొంత బొమ్మలను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇంతసేపూ మాటలతోనే బొమ్మలు చూపించాను. కళ్లతో చూసే దారి కూడా చెప్పి ముగిస్తాను. మన పిల్లలు వర్జీనియాలో, మేరీలాండ్‌లో ఎందరో ఉన్నారు. ఈ ప్రసంగం వింటున్న తల్లుల్లో కొందరైనా మనవలకోసం అక్కడికి వెళ్లి నెలల తరబడి ఉంటారు. వెళ్లినప్పుడు ఒక రోజు వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్లమని అడగండి. ఫ్రాగొనార్ పసుపు గౌను అమ్మాయి, మానే 'రైల్వే', బెర్త్ మోరిసో అమ్మా అక్కా, ఈ మూడూ ఆ ఒక్క మ్యూజియంలోనే ఉన్నాయి. బెర్త్ బొమ్మ ముందు కాస్త ఎక్కువసేపు నిలబడి, ఎక్కడిదాకా మానే చెయ్యో, ఎక్కడి నుంచి ఆమె చెయ్యో మీరే తేల్చండి. వెళ్లలేనివాళ్లు ఆ మ్యూజియం వెబ్‌సైటులో పెద్దవి చేసి చూసుకోవచ్చు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు.